పూర్వాగ్రహము, భయోత్పాతము : ఇందూరు సీమ సాహిత్యము చెప్పు సాక్ష్యము

నిజామాబాదు మండలమును గూర్చి వ్రాయు సాహిత్య చరిత్రకారులు రెండు విషయములను విడువక పేర్కొందురు. 1947–48 ప్రాంతమున ఇందూరు ఖిల్లా జైలులో నిర్బంధింపబడిన దాశరథి కృష్ణమాచార్యులు పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసెననునది మొదటిది. అదే జైలులో ఆయనకు తోడుగా నున్న వట్టికోట ఆళ్వారుస్వామి కొన్నియేండ్లకు ఈ మండలపు పల్లెనే రంగస్థలముగా గైకొని “ప్రజల మనిషి” నవలను వెలువరించెననునది రెండవది. 1949లో అచ్చయిన “అగ్నిధార”ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితము చేసినాడు కనుక, ఈ రెండు విషయములును నిజమున కొక్క కథయే.

ఈ కథను మనము వీరగాథగా చెప్పుకొనుచు వచ్చినాము. అట్లు చెప్పుకొనుట న్యాయమే. కాని ఆ జైలుగోడలకు వెలుపల ఆనాడు చెలరేగుచుండినది భయోత్పాతము. మనుష్యుని చూడకమునుపే, వాని మతమునుబట్టి వానిని నిర్ణయించు మనఃప్రవృత్తి యొకటి దానివెనుక పనిచేసినది. దానికి గురియైనవారే కలము పట్టినపుడు, ఆ మనఃప్రవృత్తి తమ వ్రాతలోనికి చొరబడకుండ ఎట్లు నిలుపగలిగిరి? నిలుపలేకపోయిన వ్రాతలు ఎట్టివి? ఈ ప్రశ్నలను విమర్శకులు తగినంతగా పట్టించుకొనలేదు. వానిని పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మాటలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మనస్తత్త్వశాస్త్రమున ఈ ప్రవృత్తికి ‘పూర్వాగ్రహము’ అను పేరు వాడుకలో నున్నది. సంస్కృతమున ‘ఆగ్రహము’ అనగా గట్టిగా పట్టుకొనుట, పట్టుదల. తెలుగువాడు మాత్రము ఆ మాటను కోపమను అర్థముననే వాడును. ఇట్లు అర్థము మారిన తత్సమములు మన భాషలో పెక్కులు గలవు. వానిని దోషములుగా లెక్కించు పండితులతో నాకు ఏకీభావము లేదు. ఇచ్చట రెండర్థములును పనికివచ్చుచున్నవి. విషయము తెలియకముందే పట్టిన పట్టు ఒకటి. అపకారము జరుగకముందే పుట్టిన కోపము మరియొకటి. రెండింటను ‘పూర్వ’ అను మాటయే ప్రాణము. అపకారము జరిగిన పిదప దానిని చేసినవానిమీద కలుగునది ఆగ్రహము. అపకారమునకు ముందే, దానిని చేయనివానిమీద గూడ సిద్ధముగా నుండునది పూర్వాగ్రహము. మొదటిదానికి ఒక చేత కావలెను. రెండవదానికి ఒక పేరు చాలును.

అట్లే ‘ఉగ్రవాదము’ అను నేటి పత్రికల మాట చేయువాని స్వభావమును చెప్పును. ‘భయోత్పాతము’ అనునది పడువాని దశను చెప్పును. మన విషయమునకు రెండవ మాటయే తగినది. ఏలయన, చేయువాని స్వభావమును ఎంత వెదకినను శాస్త్రజ్ఞులకు అందు అసాధారణమైనది పెద్దగా కనబడలేదు. మార్తా క్రెన్షా అను అమెరికా పండితురాలు 1981లో ప్రకటించిన వ్యాసమున, ఇట్టి చర్యలకు పాల్పడువారియందు కానవచ్చు ప్రధాన లక్షణము వారి మామూలుతనమే యని తేల్చినది. పిచ్చివారే ఈ పని చేయుదురని నమ్ముట మనకు ఊరట కలిగించును. ఆ ఊరటకు శాస్త్రమున ఆధారము చాలదు.

మరి మామూలు మనుష్యుడు అంతదాక ఎట్లు పోవును? గోర్డన్ ఆల్‌పోర్టు 1954లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథమున ఐదు మెట్లను చెప్పినాడు: చెడుగా మాటలాడుట, దూరముగా తొలగియుండుట, హక్కులలో భేదము చూపుట, మీదపడి కొట్టుట, నిర్మూలించుట. ఈ మెట్లను మనవారు వల్లించునపుడు ఒక పొరపాటు జరుగుచున్నది. మొదటి మెట్టుమీద కాలు పెట్టినవాడు ఐదవదానిని చేరియే తీరునని ఆల్‌పోర్టు చెప్పలేదు. పైమెట్టున నున్నవాడు క్రిందిమెట్లు ఎక్కియే వచ్చినాడని మాత్రమే అందలి సారము. అనగా పూర్వాగ్రహము లేనిదే భయోత్పాతము సాగదు గాని, పూర్వాగ్రహము చేతనే అది పుట్టదు. నడుమ మరియేదో కావలెను.

ఆ ‘మరియేదో’ ఏమని తెలిసికొనుటకు బోధను చెరకుసీమ మంచి తావు. మంజీరా నదిమీద 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరము కట్టబడినది. దాని కాలువనీటి ఆధారముతో 1937లో బోధనువద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. కర్మాగారము చుట్టు పెరిగిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. నీరు వచ్చినచోటికి జనము వచ్చుట సహజము. కృష్ణా, గుంటూరు ప్రాంతముల రైతులు కుటుంబములతో వచ్చి భూములుకొని, వర్ని, కోటగిరి, బోధను పరిసరములలో ‘క్యాంపు’లను పేర ఊళ్లు నిలిపిరి. మరాఠీ మాటలాడు కూలీలు చెరకు నరకుటకు వచ్చిరి. ఉర్దూ మాటలాడు గుమాస్తాలు, మిస్త్రీలు, చిన్నవర్తకులు ముందే యుండిరి. ఇన్ని భాషలు, ఇన్ని అలవాట్లు ఒక్క కాలువ క్రింద చేరినపుడు ఒకరినిగూర్చి ఒకరికి ముందుతలంపులు ఏర్పడకుండునా? ఏర్పడినవి. స్థానికుడు బద్ధకస్తుడని వచ్చినవాడనుట, వచ్చినవాడు దోపిడిగాడని స్థానికుడనుట ఇచ్చట రెండు తరముల వాడుక. 1952లో ముల్కీ ఆందోళన, 1969లో ప్రత్యేక తెలంగాణ ఆందోళన, 2009 పిదప మలివిడత ఉద్యమము ఆ తలంపులకు రాజకీయ రూపమిచ్చినవి. అక్కడక్కడ దాడులును జరిగినవి. అయినను ఆ పూర్వాగ్రహము ఒక జనసమూహమును వేటాడు సాయుధసంస్థగా మారలేదు. కాలువ తూము మొదటివానికిని చివరివానికిని ఒక్కటియే. చెరకును తూచు కాటా అందరికి ఒక్కటియే. ఒకరిని వెడలగొట్టి మరియొకరు బ్రతుకుటకు వీలులేని ఏర్పాటది.

ముజఫర్ షరీఫ్ 1954లో ఓక్లహోమా అడవిలోని బాలుర శిబిరమున చేసిన ప్రయోగమును ఇచ్చట తలచుకొనవచ్చును. ఏ భేదమును లేని బాలురను రెండు జట్లుగా చేసి పోటీ పెట్టగనే వారు పరస్పర శత్రువులైరి. శిబిరమునకు నీరు వచ్చు ఏర్పాటు చెడినదని చెప్పి, అందరు కలిసి సరిచేయవలసిన స్థితి కల్పించినపుడు ఆ శత్రుత్వము తగ్గనారంభించెను. షరీఫ్ తుర్కీదేశీయుడు. 1919లో స్మిర్నా పట్టణమున గ్రీకు సైనికుల చేతిలో తనవారు చచ్చుట కన్నులార చూచినవాడు. ప్రయోగశాలకు రాకమునుపే ఆయన ప్రశ్న పుట్టినదనుటకు ఈ విషయమును చెప్పుచున్నాను. హెన్రీ టాజ్‌ఫెల్ మాటయు ఇట్టిదే. పోలండున పుట్టిన ఆ యూదుడు యుద్ధమున తనవారిని కోల్పోయినాడు. అట్టివాడు 1971లో ప్రకటించిన ప్రయోగములలో, ఇద్దరు చిత్రకారులలో ఎవరి చిత్రములు నచ్చినవను స్వల్పకారణముతో విడదీసినను బాలురు తమ జట్టువానికే ఎక్కువ పంచి పెట్టుదురని చూపినాడు. ఇంత స్వల్పకారణముతో పుట్టునది కాబట్టి పూర్వాగ్రహమును సమూలముగా తొలగింతుమనుట కష్టమే. దానికి ఆయుధమును, అభయమును ఎవరిచ్చిరి అనునదే అడుగవలసిన ప్రశ్న.

ఇప్పుడు హైదరాబాదు రాజ్యమునకు వత్తము. 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ బహాదుర్ యార్ జంగు నాయకత్వమున బలపడినది. రాజ్యాధికారము రాజొక్కనిది కాదనియు, ప్రతి ముస్లిమునందును ఆ అధికారపు అంశ కలదనియు ఆ కాలమున ప్రచారము సాగినది. రాజ్యజనాభాలో ముస్లిములు నూటికి సుమారు 13 మంది. వారిలో పెక్కుమంది జట్కావాండ్లు, బంట్రోతులు, సాలెవాండ్లు, చిల్లరబేరగాండ్రు. పూటకు లేనివానిని నీవే రాజువని పిలుచుటలో గల మత్తు ఎట్టిదో ఊహింపవచ్చును. రాజరికము పోవునను భయమునకు ‘నేను పోవుదును’ అను అర్థము వచ్చినది. పూర్వాగ్రహమునకు ఇతరులయెడ ద్వేషము ఒక ముఖమైన, తనవారినిగూర్చిన గర్వము రెండవ ముఖము. గర్వమునకు దెబ్బ తగులునను భయము ఆ రెండింటిని కలిపి కుట్టు దారము. ఎదుటివైపున మతము మార్పించుట, తిరిగి మార్పించుట అను పోటీ 1930ల నుండియే నడచుచుండెను. 1938–39లో ఆర్యసమాజ సత్యాగ్రహము జరిగినది.

ఇంతవరకు ఉన్నది పూర్వాగ్రహమే. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ ఆ సంస్థకు అధ్యక్షుడైన పిదప రజాకారు దళములు విస్తరించినవి. ‘రజాకారు’ అనగా తన ఇష్టముతో సేవకు వచ్చినవాడు. 1947 నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగినది. ఆ మీదట, 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించు వరకు, ఈ దళములకు అడ్డు లేకపోయినది. పోలీసు ప్రక్కకు తొలగెను. కొన్నిచోట్ల తోడుగా నడచెను. తమ గడీలను రక్షించుకొనుటకు దేశముఖులు కొందరు రజాకారులకు ఆశ్రయమిచ్చిరి. ఆ దేశముఖులు హిందువులని వేరుగ చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన సామూహిక హత్యాకాండ ఈ ఏర్పాటుయొక్క పర్యవసానము. ఆ ఆగస్టులోనే “ఇమ్రోజ్” సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదులో నరకబడినాడు. రజాకారులను ఖండించుచు ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను తన పత్రికలో వేసినవాడాతడు. రజాకారులు చంపినవారిలో ముస్లిము కలడు, రజాకారులకు అన్నము పెట్టినవారిలో హిందువు కలడు అను ఈ రెండు సంగతులును నాటి సాహిత్యమును చదువుటకు గీటురాళ్లు.

దాశరథి పద్యములను ఆ గీటురాతిమీద గీసి చూతము. ఆయన వాక్కు తీవ్రమైనది. రాజును సంబోధించునపుడు మర్యాద పాటింపదు. కాని ఆ కోపము ఎవరిమీద? సింహాసనముమీద, దానిపై కూర్చున్న వ్యక్తిమీద, అతని శాసనముతో నడచు దౌర్జన్యముమీద. చేత ముందు, కోపము వెనుక. కావున నది ఆగ్రహమేగాని పూర్వాగ్రహము కాదు. ఇది మనము కల్పించి చెప్పు సమర్థన కాదనుటకు ఆయన తరువాతి కృషియే సాక్ష్యము. నిజాం జైలులో మగ్గిన ఈ కవియే 1961లో “గాలిబ్ గీతాలు” పేర గాలిబును తెలుగునకు తెచ్చినాడు. ఉర్దూ ఆయనకు శత్రుభాష కాలేదు. తన్ను బంధించిన ప్రభుత్వపు భాషను ఆ ప్రభుత్వమునుండి వేరుచేసి ప్రేమింపగలుగుట సులభమైన పని కాదు. దాశరథిని ఉద్యమకవిగా ఒక సంపుటమునను, అనువాదకునిగా వేరొక సంపుటమునను ఉంచి చదువు మన అలవాటువలన ఈ రెండు పనుల సంబంధము మరుగుపడినది. వీరరసప్రియులు “అగ్నిధార”తో ఆగిపోవుదురు. గజలుప్రియులు జైలుగోడను చూడరు.

ఆళ్వారుస్వామి మార్గము వేరు. ఆయన నల్లగొండ మండలమున 1915లో పుట్టి, హోటలులో పనిచేసి, అచ్చుచిత్తులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, 1961లో గతించినాడు. ఆయన చదువు బడిలో కంటె బ్రతుకున సాగినదనవచ్చును. “ప్రజల మనిషి” కథాకాలము 1930లు. మందుముల నరసింగరావు అధ్యక్షతను 1937లో నిజామాబాదున జరిగిన ఆరవ ఆంధ్రమహాసభ నాటి చైతన్యము ఆ కథకు నేపథ్యము. కథానాయకుడు కంఠీరవము. ప్రతినాయకుడు రామభూపాలరావు దొర. నవలలో మతాంతరీకరణ సమస్య గొప్ప స్థానము నాక్రమించినది. హరిజనులు ఇస్లాము స్వీకరించుటకు పూనుకొందురు. దీనిని రచయిత ఒక మతము మరియొక మతముమీద జరిపిన దండయాత్రగా చిత్రింపలేదు. వెట్టి చేయలేక, భూమి లేక, ఊరివారి దృష్టిలో మనిషిగా లెక్కకు రాక, ఏ తలుపు తెరచిన ఆ తలుపునకు పోవు మనుష్యుల కథగా చిత్రించినాడు. వారు మాదిగలుగా వెట్టి చేసినంతకాలము లేని ధర్మచింత, మతము మారినంతనే గ్రామాధికులకు ఎచ్చటినుండియో ఊడిపడును. ఇందలి వ్యంగ్యము పదునైనది. పూర్వాగ్రహము లాభముతో ఎట్లు పెనవేసికొనియుండునో మనస్తత్త్వగ్రంథములు పుటలు పుటలుగా చెప్పుదానిని ఈ నవల ఊరిబావి దగ్గర చూపినది.

అంతమాత్రమున ఇది దోషరహితమైన నవల యనను. పాత్రలు సంభాషించుటకు మారుగా ఉపన్యసించు ఘట్టములు గలవు. కంఠీరవము కొన్నిచోట్ల మనిషికంటె ఉద్యమపు తీర్మానముగా కనిపించును. మతప్రచారకుని మనస్సులోనికి రచయిత పోవలేదు. వాని చేతలే కాని వాని నమ్మికయొక్క వేడి మనకు తెలియదు. పూర్వాగ్రహమును వెలుపలినుండి ఇంత నిశితముగా చూపినవాడు లోపలినుండి గూడ చూపియున్నచో తెలుగు నవల ఎంతో ముందునకు పోయెడిది. 1956లో వచ్చిన “జైలు లోపల” కథలలో ఆ కొరత కొంత తీరినది. దొంగలు, హంతకులు అను పేళ్లతో లోనికి వచ్చినవారి పేళ్లను ఒలిచి, వెనుకనున్న మనుష్యులను చూచుటయే ఆ కథల పని. జైలు ఆయనకు ఈ విద్యను నేర్పినదని నా నమ్మకము. రాజకీయఖైదీకిని మామూలు ఖైదీకిని నడుమనున్న అంతస్తుకూడ ఒక పూర్వాగ్రహమేకదా! ఆయన దానిని దాటినాడు. దాశరథి రంగాచార్య 1969లో “చిల్లర దేవుళ్లు” అని పేరుపెట్టినపుడు అదే త్రోవలో నడచినాడు. ఆ చిల్లరదేవుళ్లు గ్రామమును పట్టి పీడించిన స్వమతస్థులైన దొరలు, కరణములు.

అయితే ఈ త్రోవ రాజమార్గము కాలేదు. తరువాతి సంస్మరణవ్యాసములు, వీరచరిత్రలు, రంగస్థల నాటకములు, చలనచిత్రములు చూచినచో ‘రజాకారు’ అను మాట యొక్క ప్రయాణము తెలియును. మొదట అది ఒక సంస్థ సభ్యుని పేరు. పిదప గడ్డము, టోపీ, సుర్మా పెట్టిన కన్నులు గల ఒక రూపము. అటుపిమ్మట ఆ రూపము గలవాడెవడైన వానికి అన్వయించు తిట్టు. దొరల గడీలలో రజాకారులు తిన్న భోజనము కథనుండి జారిపోయినది. షోయబుల్లాఖాను ఒక వాక్యమునకు పరిమితమైనాడు, లేదా అపవాదముగా మిగిలినాడు. చేత వెనుకకు పోయి పేరు ముందునకు వచ్చినది. ఇదియే ఆగ్రహము పూర్వాగ్రహముగా మారు క్రియ. అది సాహిత్యముయొక్క చేతులమీదుగానే జరుగుట విచారింపదగినది. ఇట్టి రచనలు చేసినవారందరు ద్వేషముతోనే చేసిరనను, పెక్కుమందిది అలసత్వము. రూపవర్ణనతో పని జరుగునపుడు పాత్రను నిర్మించు శ్రమ ఎందుకను అలసత్వము.

ఈ క్రియకు ఎదురునిలిచినవారిలో నెల్లూరి కేశవస్వామిని ముందుగా చెప్పవలెను. హైదరాబాదు ముస్లిం కుటుంబముల ఇంటిభాషను, మర్యాదలను, పతనమును ఆయనవలె ఎరిగిన తెలుగు కథకుడు అరుదు. 1981లో వచ్చిన “చార్మినార్” సంపుటములోని “యుగాంతం” కథ రజాకారుల కాలమును, పోలీసుచర్యనాటి నగరమును వస్తువుగా గైకొన్నది. అందు భయము రెండిండ్లలోను గలదు. ఉర్దూలో జీలానీ బానో 1976లో “ఐవానె గజల్” నవలలో అదే పతనమును నవాబుగారింటి లోపలినుండి చూపినది. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలసిన అవసరము మన తులనాత్మక పరిశోధకులకు కలదు. 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత “పుట్టుమచ్చ” మరియొక మెట్టు. పేరు ముందుగా పడినవాడు ఆ పేరును మోయుచు ఎట్లు జీవించునో అది చెప్పినది. పూర్వాగ్రహమునకు గురియైన మనస్సు తెలుగు కవిత్వమున తనంతట తాను మాటలాడుట అరుదైన సన్నివేశము. 1998లో వెలువడిన “జల్‌జలా” సంకలనము ఆ గొంతునకు తోడు గొంతులను చేర్చినది.

ఇక మిగిలినది మౌనమును గూర్చి చెప్పుట. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయినాడు. ఆ దినముతో మన పుస్తకములు పెక్కింటిలో కథ ముగియును. ఆ తరువాతి వారములలో రాజ్యమందలి ముస్లిములమీద జరిగిన ప్రతీకార హింసను విచారించుటకు భారతప్రభుత్వము పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపినది. తక్కువలో తక్కువగా చూచినను 27,000 మొదలు 40,000 వరకు ప్రాణములు పోయినవని వారు అంచనా కట్టిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు మండలములు మిక్కిలి దెబ్బతిన్నవనిరి. వీనిలో నాందేడు నిజామాబాదు మండలమునకు పొరుగు. బోధనునుండి పోయిన దారి మంజీర దాటినంతనే ఆ మండలము వచ్చును. ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. చాలకాలమునకు గాని దాని భాగములు వెలుగు చూడలేదు, 2013లో ఏ. జి. నూరానీ తన గ్రంథమున చేర్చినపుడు విస్తృతముగా చదువరులకు అందినది. చనిపోయినవారిలో ఎందరు రజాకారులు? పేరు ముందునకు వచ్చినచోట ఈ ప్రశ్నను ఎవరును అడుగరు. రజాకారుల దౌర్జన్యము ముస్లిమేతరుని పేరునుబట్టి శిక్షించినది; దాని ప్రతీకారము ముస్లిముని పేరునుబట్టి శిక్షించినది. మొదటిదానికి రాజ్యము అభయమిచ్చినది. రెండవదానికి రాజ్యము కూలిపోయి కొత్త రాజ్యము కుదురుకొనని సందు అభయమైనది. ఈ రెండింటికి హేతుసంబంధము కలదుగాని ఒకటి మరియొకదానికి క్షమాపత్రము కాజాలదు. మొదటిదానినిగూర్చి తెలుగున వచ్చిన రచనలతో పోల్చినచో రెండవదానినిగూర్చి వచ్చినవి అత్యల్పములు.

ఈ మౌనమునకు కారణము భయమని కొందరందురు. పేళ్లు కుదరకపోవుటయే కారణమని నాకు తోచుచున్నది. ఆ సెప్టెంబరు సంఘటనను తెలుగున పోలీసుచర్య యనిరి, విలీనమనిరి, విమోచనమనిరి, కొందరు విద్రోహమనిరి. ఉర్దూలో ‘సుఖూతె హైదరాబాద్’, అనగా హైదరాబాదు పతనమనిరి. 2022లో కేంద్రప్రభుత్వము విమోచనదినమని జరుపగా, నాటి రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని జరిపెను. 2024లో తరువాతి రాష్ట్రప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని పేరు మార్చెను. ఏ పేరునెన్నుకొన్న, ఆ పేరులో ఇముడని మృతులు వెలుపల నిలుతురు.

ఇది గడచినదని త్రోసివేయుటకు వీలులేదు. శక్కర్‌నగర్ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు ఇయ్యబడి, 2015 డిసెంబరులో మూతపడినది. ఒక్క పాళీలో పనిచేసి, ఒక్క కార్మికసంఘమున చందా కట్టిన వేర్వేరు మతములవారికి ఆ కూడలి పోయినది. 2022 మార్చి 20న బోధను పట్టణమున శివాజీ విగ్రహప్రతిష్ఠనుగూర్చి రెండు వర్గములు రాళ్లు రువ్వుకొనగా, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి నిషేధాజ్ఞలు విధించిరి. కర్మాగారపు మూతకును ఈ ఘటనకును కార్యకారణసంబంధమును నేను ఆపాదింపను. అట్టి వాదమునకు సాక్ష్యము కావలెను. కాని ఆల్‌పోర్టు చెప్పిన సంపర్కసూత్రమును, అనగా సమానస్థాయిలో ఒక్క పనికొరకు కలిసిన జనులలోనే ముందుతలంపులు సడలుననుదానిని, చదివినవాడు ఈ రెండు సంవత్సరములను ఒక్క పుటమీద వ్రాసికొనక తప్పదు. నిజామాబాదున ఇండ్ల అరుగులమీద బీడీలు చుట్టు పద్మశాలి స్త్రీలును ముస్లిం స్త్రీలును నేడు ఆ సూత్రమునకు మిగిలియున్న ఆధారములలో నొకటి. వారి బ్రతుకు కథలలోనికి ఇంకను రావలసినంత రాలేదు.

సుందరలాల్ బృందపు నివేదికలో ఒక చిన్నభాగమున్నది. హింస నడుమ హిందువులు తమ పొరుగు ముస్లిములను కాపాడిన ఉదాహరణములను చెప్పుచు, ఈ సానుభూతి ఒకే వృత్తివారిలో మిక్కిలిగా కనబడినదని వ్రాసినారు. కొన్నిచోట్ల హిందూ సాలెవారు ముస్లిం సాలెవారికి అడ్డము నిలిచి తమ మతమువారినే ఎదిరించిరి. అందు కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఊరిపేరు లేదు, మనుష్యుల పేళ్లు లేవు. పక్కమగ్గమువానిని ఏ పేరుతో పిలిచిరో, ఆ రాత్రి తలుపు కొట్టినవారితో ఏమని చెప్పిరో ఆ నివేదిక చెప్పదు. చెప్పుట దాని పనియు కాదు. ఆ పని కథకునిది. మంజీరకు ఈవలి గట్టున మగ్గములు నడచిన ఊళ్లలో, తాతల మాటలు విన్న ముదుసళ్లు ఉర్దూలోను తెలుగులోను మరాఠీలోను ఏమి జ్ఞాపకముంచుకొనిరో సేకరించుటకు ఇంకను కొద్దిపాటి వ్యవధి మాత్రమే ఉన్నది.